వంగ నారు వేరు దిగడం లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర పల్లె. వంగ, టమాటా నారు పోసి సంతలో అమ్ముతుంటాను. ఈసారి గెడ్డ (వాగు) ఎండిపోతే, పాత మాంగనీసు తవ్వకాల గుంటలో నిలిచిన నీళ్లు మోటారుతో తోడి మడికి పెట్టాను. బుద్ధి తక్కువ పనే.

విత్తనం బాగానే మొలిచింది. రెండాకులు వేశాక ఆగిపోయింది. ఒక మొక్క పీకి కడిగి చూస్తే తల్లివేరు గోరంతే ఉంది, కొస గోధుమ రంగుకు తిరిగింది, పిల్లవేర్లు దాదాపు లేవు. కింది ఆకుల మీద గోధుమ చుక్కలు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యంతా పసుపు. మా బావ నారుకుళ్లు అంటాడు. అదైతే కాండం మొదలు మెత్తబడాలి కదా, ఇవి గట్టిగానే ఉన్నాయి. అదే విత్తనం బావి నీళ్లతో గోలెంలో పోస్తే దిట్టంగా వచ్చింది.

మట్టి పరీక్షలో పీహెచ్ 5.3 (అంటే పుల్లమట్టి), మాంగనీసు ఎక్కువ అని వచ్చింది. పుల్లమట్టిలో మాంగనీసు బాగా కరిగి, మొక్కకు ఇనుము అందనివ్వదని చదివాను. సున్నం వేస్తే తగ్గుతుందట. పది సెంట్లకు ఎంత వేయాలి? వేశాక ఎన్నాళ్లాగి విత్తాలి?

ఆ గుంట నీళ్లలో సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు కూడా ఉన్నాయేమోనని భయం, మామూలు మట్టి పరీక్షలో వాటిని చూడరు. ఆ పరీక్ష మన వైపు ఎక్కడ చేస్తారు? అసలు టెన్షన్ అదే. పక్క మడిలో తోటకూరకూ ఆ నీళ్లే పెట్టాను. ఆకుకూరలు వీటిని ఎక్కువ లాగుతాయంటారు, ఇంట్లో వండటం మానేశాం. కోసి మేకలకు వేయొచ్చా, పీకి పారేయాలా?