పాడైన మెటాడేటా మీద పార్టిషన్ టూల్‌కి రిగ్రెషన్ టెస్టులు ఎలా రాస్తున్నారు?

సెక్టార్63:
మా పార్టిషన్ టూల్‌లో రీసైజ్, మూవ్ రెండూ ఉన్నాయి. మంచి డిస్కుల మీద అన్నీ పాసే. ఫైల్‌సిస్టమ్ ముందే పాడై ఉంటే ఏం చేస్తుందో చూద్దామని ఒక స్క్రిప్ట్ రాశా, అది ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) ఇమేజ్, అంటే డిస్కుని ఒకే ఫైల్‌గా పెట్టింది, తీసుకుని మెటాడేటా బ్లాకుల్లో (ఫైళ్లు ఎక్కడున్నాయో రాసుకునే చోటు) ఎక్కడో ఒకచోట బైట్లు మార్చేసి టూల్‌ని రన్ చేస్తుంది. ఏ బైటు మార్చినా దాదాపు ప్రతిసారీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టే లెక్క) ఎర్రరే, లోపలి కోడ్ దాకా పోవట్లేదు. పైగా ఇమేజ్‌లన్నీ గిట్‌లో పెడితే రెపో ఉబ్బిపోతోంది. అసలు ఇక్కడ పాస్ అంటే ఏంటి, క్రాష్ అవ్వకపోతే పాసేనా?

పాతడిస్కు:
క్రాష్ అవ్వకపోతే సరిపోదు బ్రో. రన్‌కి ముందు ఇమేజ్ మొత్తానికి షా256 (ఫైల్ వేలిముద్ర లాంటి హ్యాష్) తీసి పెట్టుకో, టూల్ కుదరదని బయటికొచ్చాక మళ్లీ తీయి, ఒక్క బైటు మారినా ఫెయిలే. ఎగ్జిట్ కోడ్ కూడా సున్నా రాకూడదు. సగం రాసేసి అప్పుడు ఎర్రర్ చూపించే టూల్ కంటే మొదట్లోనే క్రాష్ అయ్యేది నయం, నన్నడిగితే. మధ్యలో మౌంట్ చేసి చూడకు, రీడ్ ఓన్లీ అయినా సరే జర్నల్ రీప్లే (పూర్తికాని మార్పులని లాగ్ నుంచి మళ్లీ రాయడం) జరిగి ఇమేజ్ మారిపోవచ్చు.

లూప్‌బ్యాక్:
చెక్‌సమ్ సంగతి: మెటాడేటా చెక్‌సమ్ ఫీచర్ ఆన్‌లో ఉంటే సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలు), గ్రూప్ డిస్క్రిప్టర్లు (ఒక్కో బ్లాకుల గ్రూపు వివరాలు), ఐనోడ్లు (ఒక్కో ఫైల్ వివరాలు) అన్నిటికీ సీఆర్‌సీ32సీ అనే చెక్‌సమ్ ఉంటుంది, అందుకే గుడ్డిగా బైటు మారిస్తే నువ్వు టెస్ట్ చేసేది ఆ ఒక్క ఇఫ్ కండిషన్‌నే. డీబగ్‌ఎఫ్‌ఎస్‌ని (ఈఎక్స్‌టీ4 లోపలి ఫీల్డులు మార్చే టూల్) రైట్ మోడ్‌లో తెరిచి సూపర్‌బ్లాక్ ఫీల్డ్ మార్చు, చెక్‌సమ్ అదే మళ్లీ లెక్కేసి రాస్తుంది. మొత్తం బ్లాకుల సంఖ్యని పార్టిషన్ సైజు కంటే పెద్దది చేసి చూడు, అసలు బగ్గులు అక్కడ బయటపడతాయి.

బ్యాకప్ సూపర్‌బ్లాక్ కేసులు కూడా రాయి. 4కే బ్లాకులైతే మొదటి బ్యాకప్ బ్లాక్ నంబర్ 32768లో, 1కే అయితే 8193లో ఉంటుంది, కోడ్‌లో 32768 అని నేరుగా రాసేసినవాళ్లు చాలామంది. ఇంకోటి, 4కే బ్లాకులతో 64 ఎంబీ ఇమేజ్ చేస్తే ఒక్క గ్రూపే వస్తుంది, బ్యాకప్పే ఉండదు, ఆ టెస్ట్ ఊరికే పాస్ అవుతుంది.

పాతడిస్కు:
జీపీటీని (డిస్కు మీద పార్టిషన్ల పట్టిక, మొదట్లో ఒక కాపీ, చివర్లో బ్యాకప్ కాపీ) మర్చిపోకండి. హెడర్‌కి ఒక సీఆర్‌సీ32, ఎంట్రీల టేబుల్‌కి వేరే. రెండు కాపీలూ చెక్‌సమ్ ప్రకారం కరెక్టే కానీ పార్టిషన్లు వేరువేరు, అప్పుడు టూల్ దేన్ని నమ్ముతుంది? చిన్న డిస్కుని పెద్ద డిస్కుకి డీడీతో బైటుకి బైటు కాపీ చేస్తే బ్యాకప్ హెడర్ చివర్లో కాకుండా మధ్యలో ఉండిపోతుంది, బయట ఎక్కువగా తగిలేది ఇదే.

సెక్టార్63:
థ్యాంక్స్ ఇద్దరికీ. మరి రెపో సైజు?

లూప్‌బ్యాక్:
ఇమేజ్ పెట్టకు, తయారుచేసే స్క్రిప్ట్ పెట్టు. ట్రంకేట్ కమాండ్‌తో స్పార్స్ ఫైల్ (ఖాళీ భాగాలు డిస్కులో చోటు తీసుకోని ఫైల్), దాని మీద ఎమ్‌కేఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్. ప్రతిసారీ కొత్తగా వచ్చే యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు నంబర్), హ్యాష్ సీడ్ ఫిక్స్ చేసి, ఫీచర్లు కూడా పేరు పేరునా ఇవ్వు, లేకపోతే వెర్షన్ మారినప్పుడు డీఫాల్ట్‌లు మారి టెస్ట్ ఇంకేదో అయిపోతుంది. యూజర్ దగ్గర నిజంగా పాడైన డిస్కు దొరికితే మాత్రం ఈ2ఇమేజ్ టూల్‌తో మెటాడేటా వరకే తీసుకుని జిప్ చేసి పెట్టు, ఫైల్ పేర్లు గుర్తుపట్టకుండా కలగాపులగం చేసే ఆప్షన్ ఉంది, అది వేయకుండా తీసుకోకు.