ఇంట్లోవాళ్లే పిల్లను చంపితే చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నోరు మెదపరు?

రాత్రిబస్సు:

ఇంగ్లండ్‌లో సోషల్ వర్క్ చదువుతున్నాను. అంతకుముందు ఏడేళ్లు ప్రైమరీ టీచర్‌ని. వచ్చే వారం క్లాసులో ప్రజెంటేషన్ ఉంది, నా వాటాకి విక్టోరియా క్లింబీ కేసు వచ్చింది.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఐవరీ కోస్ట్ పిల్ల. చదివిస్తానని చెప్పి నాయనమ్మ వరసయ్యే బంధువు ఒకామె తన వెంట తీసుకొచ్చింది, ముందు ఫ్రాన్స్‌కి, తర్వాత లండన్‌కి. ప్రయాణం చేయించింది వేరే పిల్ల పాస్‌పోర్టు మీద. అందుకే లండన్‌లో ఆసుపత్రులూ ఆఫీసులూ ఆ పిల్లను ‘అన్నా’ అనే రాసుకున్నాయి. 2000 ఫిబ్రవరి 25న చనిపోయేనాటికి ఎనిమిదేళ్లు. ఒంటి మీద 128 గాయాలు లెక్కపెట్టారు. చలికాలం రాత్రుళ్లు హీటింగ్ లేని బాత్రూంలో, టబ్బులో, చెత్త వేసే ప్లాస్టిక్ సంచిలో పడుకోబెట్టేవాళ్లు. మరుసటి ఏడు జనవరిలో ఆ బంధువుకీ, ఆమెతో ఉండే మనిషికీ జీవిత ఖైదు పడింది. లార్డ్ లేమింగ్ విచారణ నివేదిక 2003లో వచ్చింది. పిల్లను కాపాడగలిగే అవకాశం 12 సార్లు వచ్చి చేజారిందని అందులో ఉంది.

బస్సులో చదువుతూ రెండుసార్లు దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

నా ఇబ్బంది ఏంటంటే, గ్రూపులో ఒకమ్మాయి “వాళ్ల కమ్యూనిటీయే అంత, ఒకరి గుట్టు ఒకరు దాస్తారు” అని తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది, కానీ అక్కడ జవాబు తట్టలేదు. ఇంటికొచ్చి మళ్లీ చదివితే, మాట్లాడినవాళ్లు ఉన్నారు కదా! పెళ్లి వైపు నుంచి దూరపు చుట్టం ఒకామె 1999 జూన్‌లో పేరు చెప్పకుండా కౌన్సిల్‌కి ఫోన్ చేసింది. జూలైలో పిల్లను చూసుకునే ఆయా కుటుంబమే ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ పెద్ద డాక్టరు ఒంటి మీదున్నవి గజ్జి మచ్చలన్నారు. పాస్టరేమో పిల్లకి దెయ్యం పట్టిందన్నాడు. చివరికి ఒక టాక్సీ డ్రైవర్ వెనక సీట్లో పిల్ల పరిస్థితి చూసి, తిన్నగా అంబులెన్స్ స్టేషన్‌కి పోనిచ్చాడు. మరుసటి రోజే చనిపోయింది.

అడగాలనుకున్నవి రెండు. ఇంట్లో ఉన్నవాళ్లందరూ “నాకు తెలీదు” అని కూర్చుంటే కోర్టులో కేసు ఎలా నిలబడుతుంది? ఏళ్ల తరబడి నోరు కట్టుకున్న మనిషి చివరికి ఎందుకు విప్పుతాడు?

ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. మా అద్దింటి గోడవతల ఒక చిన్నపిల్ల ఉంటుంది. మూడు వారాలుగా రాత్రి తొమ్మిది దాటాక ఒక మగగొంతు ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టడం వినిపిస్తోంది. ఐదు దాకా వచ్చేసరికి పిల్ల ఏడుపు. తర్వాత ఏమీ వినబడదు. మొన్న నాకు తెలియకుండానే నా చెయ్యి రిమోట్ మీదికి వెళ్లి టీవీ సౌండ్ పెంచింది. ఈ నివేదిక ఒళ్లో పెట్టుకుని ఆ పని చేశాను.

—

నల్లకోటు:

మొదటి ప్రశ్న వరకు నేను చెప్పగలను. ఇక్కడి కోర్టుల్లో ఇది చాలాకాలం నిజంగానే పెద్ద చిక్కు. 1980లలో ఒక కేసు, లా చదివేవాళ్లందరికీ తెలిసినదే. పుర్రె చిట్లి పసిబిడ్డ చనిపోయింది. దెబ్బ పడిన సమయంలో తల్లి కొంతసేపు, తండ్రి కొంతసేపు బిడ్డ దగ్గర ఉన్నారు. ఇద్దరూ మాకేం తెలీదన్నారు. ఇద్దరిలో ఎవరని ప్రాసిక్యూషన్ తేల్చలేకపోయింది కాబట్టి అప్పీలులో ఇద్దరి శిక్షలూ కొట్టేశారు. అంటే నోరు మూసుకుంటే చాలు, కలిసి గట్టెక్కొచ్చు.

2004లో వచ్చిన గృహహింస చట్టంలో సెక్షన్ 5 ఈ దారి మూసింది. 2005 మార్చి నుంచి అమల్లో ఉంది. ఆ ఇంట్లో ఉండి, పిల్లతో తరచుగా మసిలే మనిషి ఎవరైనా సరే, పిల్లకి పెద్ద ప్రమాదం ఉందని తెలిసీ, లేదా తెలిసి ఉండాల్సిన స్థితిలో ఉండీ, తన చేతిలో ఉన్న ప్రయత్నం చెయ్యక, ఇంటి మనిషి చేతిలో ఆ పిల్ల చనిపోతే, అదే నేరం. కొట్టింది నువ్వా, చూస్తూ ఊరుకుంది నువ్వా అన్నది తేల్చక్కర్లేదు. మొదట 14 ఏళ్ల దాకా శిక్ష ఉండేది, 2022లో దాన్ని జీవిత ఖైదు దాకా పెంచారు. పక్కనే సెక్షన్ 6 కూడా చూడండి. అలాంటి కేసులో నిందితుడు బోనెక్కి సాక్ష్యం చెప్పకపోతే, ఆ మౌనాన్ని జ్యూరీ హత్య అభియోగానికి కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

దీనికో హద్దుంది. ఇది ఆ ఇంటి మనుషుల వరకే. గోడవతలివాళ్లకి వర్తించదు. మీరు టీవీ సౌండ్ పెంచినందుకు మిమ్మల్నెవరూ కోర్టుకి లాగరు. అది ఊరటో కాదో మీరే చూసుకోండి.

—

పాతకాపు:

తల్లీ, ముందు ఆ ‘కమ్యూనిటీ’ అన్న మాట పక్కన పెట్టండి. పంతొమ్మిదేళ్లుగా తలుపులు కొడుతున్న ఉద్యోగం నాది. నేనింకా నోరు తెరిచి ఏమీ అడగకముందే “మేమేం చూడలేదండీ” అంటారు. ఆ మాట తెల్లవాళ్ల ఇళ్లలో విన్నాను, మనవాళ్ల ఇళ్లలో విన్నాను, డాక్టర్ల ఇళ్లలోనూ విన్నాను. అందరూ కూడబలుక్కుని గోడ కట్టరమ్మా. ఒక్కొక్కళ్లది ఒక్కో లెక్క. అక్క సంసారం ఏమవుతుందో అని చెల్లి. వీసా ఏమవుతుందో అని బావ. తప్పుగా అనుకున్నానేమో, మళ్లీ ముఖం ఎలా చూపించను అని పక్కింటావిడ. వీళ్లలో ఎవరికీ తాము హంతకుణ్ణి దాస్తున్నామన్న ఊహే ఉండదు.

మీ రెండో ప్రశ్నకి షఫీలియా అహ్మద్ కేసు చదవండి. వారింగ్టన్ అమ్మాయి, 17 ఏళ్లు. 2003 సెప్టెంబర్‌లో అమ్మానాన్నలే తోబుట్టువుల కళ్లముందు చంపారు. పిల్ల కనబడటం లేదని పోలీసులకి చెప్పింది వాళ్లు కాదు, ఆ పిల్లకి ఇంతకుముందు చదువు చెప్పిన టీచరు. (మీరూ టీచరే కదా, అందుకే చెబుతున్నా.) మరుసటి ఫిబ్రవరిలో కంబ్రియాలో నది ఒడ్డున శవం దొరికింది. అయినా ఏడేళ్లు కేసు కదల్లేదు. 2010లో చెల్లెలు ఒకమ్మాయి, సొంత తల్లిదండ్రుల ఇంట్లోనే దోపిడీ చేయించిందని అరెస్టయి, అప్పుడు నోరు విప్పింది. డిఫెన్సు వాళ్లు ఊరుకుంటారా? తన కేసు నుంచి బయటపడటానికి కట్టుకథ చెబుతోందన్నారు. విచారణ నడుస్తుండగా ఇంకో చెల్లెలి స్నేహితురాలు కొన్ని కాగితాలు తెచ్చిచ్చింది. ఆ రాత్రి జరిగింది ఆ రెండో చెల్లెలు తన చేత్తో రాసి స్నేహితురాలికిచ్చిన కాగితాలు. రాసిన పిల్ల కోర్టులో అదంతా కల్పన అంది. 2012 ఆగస్టులో తల్లిదండ్రులిద్దరికీ జీవిత ఖైదు, కనీసం 25 ఏళ్లు.

ఆ కాగితాల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. గట్టిగా అరవలేకపోయింది, కానీ రాసింది. రాసి బయటి మనిషి చేతిలో పెట్టింది. ఇంట్లో దాచుకోలేదు చూడండి. అవతల ఆ స్నేహితురాలి పరిస్థితి ఏంటో! ఒక పిల్ల తన సంచిలో అంత బరువు పెట్టుకుని తిరిగింది.

తులే గోరెన్ కేసులో అయితే నోరు విప్పింది తల్లే. 15 ఏళ్ల పిల్ల, లండన్‌లో 1999 జనవరిలో మాయమైంది. శవం ఇప్పటికీ దొరకలేదు. పదేళ్ల తర్వాత తల్లి కోర్టులో భర్తకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. 2009 డిసెంబర్‌లో తండ్రికి జీవిత ఖైదు పడింది. పదేళ్లు ఎందుకు ఊరుకుందని బయటివాళ్లం సులువుగా అడుగుతాం. అదే ఇంట్లో, మిగతా పిల్లలతో, ఆ మనిషితో ఉంటూ చెప్పడం అంటే ఏంటో నాకు ఈ ఉద్యోగంలో కొంచెం తెలుసు. చెప్పాక ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? మొదట వచ్చే ప్రశ్న అదే. దానికి మన దగ్గర జవాబు ఉంటేనే నోరు పెగులుతుంది.

ఇంతకీ ఫోన్ చేశారా?

—

ఊరికే_చదివేవాణ్ణి:

చెప్పడం తేలికే. ఇక్కడ ఒక్క ఫోన్‌తో పిల్లల్ని ఎత్తుకుపోతారు. ఏదో అల్లరి చేస్తుంటే తండ్రి లెక్కపెడితే హత్య కేసుల దాకా లాగుతారా? మాకు తెలిసినవాళ్లు ఇలాంటి దానివల్ల ఆరు నెలలు నరకం చూశారు.

—

పాతకాపు:

తమ్ముడూ, మీ భయం నాకు కొత్త కాదు, తీసిపారేయను. తప్పుడు ఫోన్ల వల్ల కుటుంబాలు నలిగిపోవడం నేనూ చూశాను. కానీ ఎత్తుకుపోవడం మీరనుకున్నంత చిటికెలో అయ్యే పని కాదు. తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే పోలీసులు 72 గంటలు మించకుండా పిల్లను వేరేచోట ఉంచగలరు. అత్యవసర ఉత్తర్వు కోర్టు ఇవ్వాలి, అదీ ముందు ఎనిమిది రోజులకే. ఒక ఏడుపు గురించి ఫోన్ వస్తే ఎక్కువసార్లు జరిగేది ఏంటంటే, మాలాంటి వాళ్లం స్కూల్లో అడుగుతాం, రికార్డులు చూస్తాం, ఒక మనిషి వెళ్లి మాట్లాడి వస్తాడు. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. లెక్కపెట్టే తండ్రులందరూ కొట్టరు, నిజమే. కానీ అది తేల్చాల్సింది గోడకి చెవి ఆనించిన మనిషి కాదు, మీరూ కాదు.

—

పడమటిగాలి:

ఎప్పటికీ నోరు విప్పని కేసు కావాలంటే ఫ్రాన్స్‌లో చిన్నారి గ్రెగరీది చూడండి. నాలుగేళ్ల పిల్లాడు, 1984 అక్టోబర్ 16న వోలోన్య్ నదిలో, కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు. అంతకు మూడేళ్ల ముందు నుంచే ఆ కుటుంబానికి ఎవరో ఆకాశరామన్న ఉత్తరాలు, ఫోన్లు. ఇంటి లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి. 15 ఏళ్ల బంధువులమ్మాయి ఒకతె మొదట పోలీసులకి ఏదో చెప్పింది, జడ్జి ముందూ చెప్పింది. ఇంటికి వెళ్లాక మాట వెనక్కి తీసుకుంది. పోలీసులే బలవంతంగా చెప్పించారంది. అప్పట్లో ఆమెను అదుపులోకి తీసుకున్న పద్ధతే సరికాదని 2020లో కోర్టు కొట్టేసింది. నిజం ఏ వైపు ఉందో ఇప్పటికీ తేలలేదు. హత్యకి ఎవరికీ శిక్ష పడలేదు. అనుమానితుల్లో ఒకతన్ని పిల్లాడి తండ్రే కాల్చి చంపి జైలుకెళ్లాడు.

పాతకాపు గారు అడిగిన ప్రశ్న అక్కడ ఎవరైనా అడిగారా అనిపిస్తుంది. 15 ఏళ్ల పిల్ల చేత చెప్పించి, అదే ఇంటికి పంపిస్తే, ఆ రాత్రి తర్వాత ఆ పిల్ల నోటి వెంట వచ్చే మాట ఎవరిది?

—

రాత్రిబస్సు:

అందరికీ థాంక్స్. ప్రజెంటేషన్‌లో ‘కమ్యూనిటీ’ అన్న స్లైడ్ తీసేసి టాక్సీ డ్రైవర్, టీచరు, కాగితాలు దాచిన స్నేహితురాలు, ఈ ముగ్గురినీ పెట్టాను. నల్లకోటు గారూ, సెక్షన్ 6 నాకు బొత్తిగా తెలీదు, అది కూడా కలిపాను.

పాతకాపు గారూ, చేశాను. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి, పిల్లల హెల్ప్‌లైన్‌కి. పేరు చెప్పక్కర్లేదన్నారు. మొదట చెప్పలేదు, చివర్లో నాకే సిగ్గేసి చెప్పాను. ఫోన్ తీసినావిడ ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్నిదాకా లెక్కపెట్టాడు అని అడిగింది. అంకెలు ఏ భాషలో అని కూడా. అది అడిగేదాకా నేను గమనించనే లేదు, తెలుగులోనే.

తర్వాత ఏం జరిగిందో నాకు చెప్పరట. ఈ రాత్రి గోడవతల చప్పుడు లేదు. మంచికో చెడుకో తెలీదు. టీవీ ఆపేసి కూర్చున్నాను.