అలివేలు తమ్ముడికి ఏ పేరు?

ప్రశ్న: పెద్దమ్మాయి అలివేలు. ఇప్పుడు బాబు పుట్టాడు. అక్క పేరు పక్కన అతికినట్టు ఉండే పాతకాలం పేరు కావాలి. వెంకన్న, గోవిందు, ఆంజనేయులు అనుకుంటున్నాం. భాష తెలిసినవాళ్లు మంచిచెడ్డలు చెప్పగలరు.

• వెంకన్న, గోవిందు రెండూ వినడానికి బాగానే ఉన్నాయి గానీ వరస కుదరదండీ. అలివేలుమంగ వెంకన్న భార్య. అక్కాతమ్ముళ్లకు ఆలుమగల పేర్లు పెట్టినట్టవుతుంది. సీత, రాముడు అని తోబుట్టువులకు పెట్టుకున్న ఇళ్లు లేకపోలేదు, అదేం తప్పు కాదు. కానీ జత చూసి పెట్టాలనుకున్నప్పుడు ఇదే ముందు చూడాలి. నరసయ్య, రంగయ్య, తిరుమలయ్య కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అందరూ ఆ స్వామే.

• ఆంజనేయులుకు ఆ చిక్కు లేదు, వేరే చిక్కు ఉంది. రెండూ ‘లు’తో ముగుస్తున్నాయి కదా అని ప్రాస కలిసిందనుకుంటాం. ఆంజనేయులులో ‘లు’ గౌరవ బహువచనం, రామానుజులు, వెంకటేశ్వర్లులో ఉన్నదే. అలివేలులో ‘లు’ పేరులో భాగమే. అదలా ఉంచి, పిలిచి చూడండి: అలివేలూ! ఆంజనేయులూ! దూరాన్నించి పిలిస్తే చెవిన పడేది చివరి దీర్ఘమే. ఇద్దరూ పలుకుతారు, లేదా ఇద్దరూ పలకరు.

• అలివేలు అంటే అసలు ఏమిటి?

• తమిళంలో అలర్‌ అంటే పువ్వు, మేల్‌ అంటే పైన, మంగై అంటే స్త్రీ. పద్మం మీద ఉన్న అమ్మ. మనకూ అలరు అంటే పువ్వే. ‘అలరులు గురియగ నాడెనదే’ అని మొదలుపెట్టిన అన్నమయ్య, అలమేలుమంగను పక్కనే కూర్చోబెట్టాడు. మామయ్య మావయ్య అయినట్టే అలమేలులో ‘మ’ వాడుకలో ‘వ’ అయింది.

• లయ కూడా చూసుకోండి. అ–లి–వే–లు: లఘువు, లఘువు, గురువు, లఘువు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, మొత్తం ఐదు మాత్రలు. తమ్ముడి పేరూ ఐదు మాత్రలైతే జంటగా పిలిచినప్పుడు తూగుతుంది. శేషయ్య, మల్లయ్య, శేషాద్రి, సింహాద్రి అన్నీ రెండు గురువులు, ఒక లఘువు, అంటే ఐదే. ఆంజనేయులు ఏడు మాత్రలు, పక్కన బరువెక్కువ. వీటిలో నా ఓటు శేషాద్రికి. ఏడుకొండల్లో ఒకటి, వరస పేచీ లేదు, పొట్టిగా శేషు అనొచ్చు. ‘తిమ్మప్ప’ అని ఎవరైనా చెబితే ఆలోచించుకోండి, తెలుగులో తిమ్మడంటే కోతి. వెంగళప్ప సంగతి చెప్పక్కర్లేదు.

• శేషాద్రి మంచిదే. కానీ తోబుట్టువు వరసే కావాలంటే సిసలైన పేరు ఒకటుంది: చంద్రయ్య. అలివేలుమంగ అంటే లక్ష్మే. లక్ష్మి, చంద్రుడు ఇద్దరూ పాలకడలిలో పుట్టారు. లోకానికి తల్లి అయిన లక్ష్మికి తోబుట్టువు కాబట్టే చంద్రుడు మనందరికీ చందమామ అయ్యాడు. రేపు అలివేలు పిల్లలకు ఈ బాబు అక్షరాలా చందమామే. మాత్రలు ఐదు.

• అలివేలుమంగ అంటే పద్మావతి, ఆకాశరాజు కూతురు కదండీ, పాలకడలి ఎక్కణ్ణుంచి వచ్చింది?

• అది కల్యాణం కథ. తిరుచానూరులో కార్తిక శుద్ధ పంచమి నాడు పంచమీతీర్థం జరిగేది అమ్మవారు పద్మసరోవరంలో తామర మీద వెలసినందుకు. అలర్‌–మేల్‌ అన్న పేరు చెప్పేదీ ఆ తామర మీది లక్ష్మినే. పేరుకు అర్థం చూస్తున్నాం కాబట్టి ఈ లెక్క చాలు.

• చంద్రయ్యే ఖాయమైతే చివరి ముక్క మార్చకండి. చంద్రన్న అంటే ఆంధ్రలో సర్కారు పథకం గుర్తొస్తుంది. చంద్రం తర్వాతి తరం పేరులా వినిపిస్తుంది. చంద్రశేఖర్ అయితే దేవుడే మారిపోయి శివుడవుతాడు, పైగా చివర పొల్లు. అచ్చుతో ముగిసే అలివేలు పక్కన ఆ పొల్లు టక్కున ఆగినట్టుంటుంది. అయ్య అనేది నన్నయ నాటి నుంచీ ఉన్న తోకే, మొహమాటం అక్కర్లేదు. ఇంట్లో ఎలాగూ చందు అనే పిలుస్తారు.

• నక్షత్రం అక్షరం పట్టింపు ఉంటే: ‘చా’ రేవతి మూడో పాదానిది, ‘చీ’ నాలుగోది. చూ, చే, చో అశ్వినిలో మొదటి మూడు పాదాలకు. బాబుది వేరే నక్షత్రమైతే ఆ అక్షరంతో ఒక పేరు బియ్యంలో రాసి, పిలిచే పేరు ఇది పెట్టుకోవచ్చు.

• కాగితాల సంగతి కూడా. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి, పేరు తేలకపోయినా సరే. నమోదైన 12 నెలల లోపు పేరు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా. ఇంగ్లిషు అక్షరాల్లో అయ్యను ఏ–ఐ–ఏ–హెచ్ అని రాయడం పాత పద్ధతి, ఏ–వై–వై–ఏ అని కొందరు రాస్తారు. ఏదో ఒకటి ముందే తేల్చుకుని జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో అదే ఉండేలా చూడండి. ఎక్కువ చిక్కులొచ్చేది ఈ రెండు ‘వై’ల దగ్గరే.

• ప్రశ్న అడిగినవారు: నక్షత్రం రేవతే, మూడో పాదం. ఏ–వై–వై–ఏ అనే రాయిస్తాం.