పెట్రోల్ ఫెర్గూసన్ ట్రాక్టర్ వేడెక్కాక ఆగిపోతోంది: కాయిలా, పెట్రోలా?

పద్మనాభం రైతు
మా తాతగారి ఫెర్గూసన్ టీఈఏ20, పెట్రోల్ ఇంజను. పొద్దున్న గేరు రాడ్ 'ఎస్' (స్టార్ట్) వైపు తొయ్యగానే సెల్ఫ్ తిరిగి వెంటనే అందుకుంటుంది. దుక్కిలో దించాక కొంతసేపటికి రెండు మూడుసార్లు తూలి ఆగిపోతోంది. నీడన వదిలేస్తే కాసేపటికి మళ్లీ మామూలే. ప్లగ్గులో నిప్పురవ్వ తెప్పించే కరెంటు సామాన్లు, కాయిల్, కండెన్సర్ రెండూ కొత్తవి వేయించాను, తేడా లేదు. ఈ బండంటే ఇంట్లో అందరికీ ప్రాణం. పాత ఇనుముకి ఇచ్చే మాటే లేదు. తెలిసినవాళ్లు దారి చూపించండి.

అనకాపల్లి శీను
అన్నా, నాకు కండెన్సర్ మీదే అనుమానం. కొత్తది కదా అని నమ్మలేం, వేడికి పోయేవి చాలా చూశాను. ఇంకోటి మార్చి చూడు.

గాజువాక మెకానిక్
బాబూ, ఇంకే సామానూ కొనకు. ముందు తప్పు ఎటువైపు ఉందో తేల్చు. చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి, ఆగిన మరుక్షణమే చూడాలి.

కరెంటు పోతే ఇంజను స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోల్ అందకపోతే తూలుతూ, దగ్గుతూ ఆగుతుంది. నువ్వు చెప్పింది రెండోదే. తూలడం మొదలవగానే చోక్ (ఇంజనుకి గాలి తగ్గించే మీట) కొంచెం లాగు. కాసేపు పుంజుకుందంటే పెట్రోల్ చాలడం లేదన్నమాట.

తర్వాత కార్బరేటర్ అడుగు బిరడా విప్పి, కింద సీసా పెట్టి, కాక్ (ట్యాంకు అడుగు కుళాయి) తెరువు. అందరూ ఒక్క క్షణం చూసి "వస్తోంది" అని మూసేస్తారు. అలా కాదు, కొన్ని నిమిషాలు వదిలెయ్. మొదట ధార బాగానే వచ్చి, తర్వాత సన్నబడి బొట్లు బొట్లుగా పడితే, ట్యాంకులో ఉన్న కాక్ జల్లెడకి తుప్పు అడ్డుపడినట్టే. బండి ఆగాక ఆ కాస్త దారిలోనే పెట్రోల్ మెల్లగా దిగి కార్బరేటర్ గిన్నె నిండుతుంది. అందుకే చల్లారాక స్టార్ట్ అవుతుంది, మనం వేడి మీద నెపం వేస్తాం.

ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే తంతు. మూత వదులు చేసి ఒకసారి నడిపి చూడు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఈ బండికి ట్యాంకు ఇంజను నెత్తి మీదే ఉంటుంది. పెట్రోల్ కారుతుండగా ప్లగ్గు వైరు తీసి నిప్పురవ్వ చూడకు. ఒళ్లు కాలిపోతుంది.

భీమిలి సుజాత
మా నాన్నగారి దగ్గర ఇదే మోడల్ ఉండేది. 1946 నుంచి 1956 దాకా కోవెంట్రీలో తయారైన సిరీస్. ఇందులో ఉన్న స్టాండర్డ్ కంపెనీ ఇంజను కుటుంబమే వాన్‌గార్డ్ కారులోనూ వచ్చింది, కాబట్టి పాత కార్ల సామాన్లవాళ్లని కూడా అడగండి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమని లాగుతుంది, పాత మట్టిని కూడా కరిగించి కదిలిస్తుంది. మన సముద్రం గాలికి సగం ఖాళీ ట్యాంకు లోపల తుప్పు ఎలా పడుతుందో చెప్పక్కర్లేదు. కాక్ కింద ఉండే గాజు గిన్నె అడుగున ముత్యంలా గుండ్రటి బొట్టు కనిపిస్తే అది నీరే.

పద్మనాభం రైతు
గురువుగారూ, సరిగ్గా మీరన్నట్టే అయింది! చోక్ లాగితే పుంజుకుంది. ధార మొదట పెన్సిలంత లావున పడి, చూస్తుండగానే దారమంత అయింది. కాక్ విప్పితే ఇత్తడి జల్లెడ కనబడనంతగా ఎర్రటి పొక్కులు అంటుకుని ఉన్నాయి. ఇప్పుడు ట్యాంకు ఎలా కడగాలి?

గాజువాక మెకానిక్
బండి మీదనుంచి ట్యాంకు దించు. పెట్రోల్ పూర్తిగా తీసి, నీళ్లతో బాగా కడుగు. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి పోసి, చిన్న గొలుసు ముక్క వేసి ఊపు. రాత్రంతా నానబెట్టు. పారబోశాక వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో వెంటనే ఆరబెట్టి, కాస్త పెట్రోల్ తిప్పి వంపెయ్. తడి మిగిలితే మన గాలికి మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లు కనిపిస్తే ఇంట్లో మంట పెట్టి అతికించే పని మాత్రం వద్దు.

అనకాపల్లి శీను
మధ్యలో స్కూటర్ల కాగితం ఫిల్టర్ ఒకటి పెట్టేస్తే సరిపోదా?

గాజువాక మెకానిక్
ఈ బండికి పంపు లేదు శీనూ, పై నుంచి దిగే బరువుతోనే పెట్రోల్ వస్తుంది. సన్నటి కాగితం అడ్డం పెడితే మళ్లీ అదే కరువు. ఇత్తడి జల్లెడే మంచిది, అప్పుడప్పుడు విప్పి కడగడమే.

పద్మనాభం రైతు
ట్యాంకు కడిగి బిగించాను. చెరకు తోట పక్క చెక్కంతా ఏకధాటిగా దున్నింది, ఎక్కడా తూలలేదు. మా అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరికీ చాలా థ్యాంక్స్. గాజు గిన్నె అంచున మాత్రం సన్నగా చెమ్మ వస్తోంది, పాత కార్క్ వాషర్ విరిగిపోయింది.

గాజువాక మెకానిక్
చెమ్మ ఆగేదాకా బండి తియ్యకు. పెట్రోల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బరు షీటు కొని, గిన్నె అంచు కొలతకి కత్తిరించి వెయ్యి. సైకిల్ ట్యూబు ముక్క వేయకు, పెట్రోల్‌కి ఉబ్బిపోతుంది. బిగించేటప్పుడు చేతి బలం చాలు, పానా పెడితే గాజు పగులుతుంది.