క్యోటో గోషుయిన్: బౌద్ధాలయాలకూ షింటో మందిరాలకూ పుస్తకం ఒకటే చాలా?

తూర్పు_గాలి:
గోషుయిన్ గురించి తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. దర్శనం అయ్యాక ఆలయ కార్యాలయంలో మన పుస్తకం ఇస్తే, కుంచెతో నల్ల సిరాలో ఆలయం పేరో మూలమూర్తి పేరో రాసి, తేదీ వేసి, ఎర్ర ముద్రలు కొట్టి ఇస్తారు. మామూలుగా 300 నుంచి 500 యెన్లు. ఆ పుస్తకాన్ని గోషుయిన్‌చో అంటారు. హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా తెరుచుకుంటుంది.

ఇక ప్రశ్న. కియోమిజు-దెరా లాంటి బౌద్ధాలయానికీ, ఫుషిమి ఇనారి లాంటి షింటో (జపాన్‌వాళ్ల సొంత మతం) మందిరానికీ ఒకే పుస్తకం వాడొచ్చా? జపాన్‌వాళ్లలోనే దీని మీద రెండు మాటలున్నాయి. నా మట్టుకు రెండు పుస్తకాలు ఉండాల్సిందే. మందిరంలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతాం. బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టకూడదు, చేతులు జోడించి ఊరుకోవాలి. కొలిచే పద్ధతే వేరైనప్పుడు రెండింటినీ ఒకే పుస్తకంలో ఎందుకు కలపాలి?

జేతవనం:
ఆ వేరుపాటు పాతది కాదండీ. 1868లో మెయిజీ ప్రభుత్వం ఆజ్ఞలు జారీ చేసి కామిలనూ (షింటో దేవతలను) బుద్ధులనూ విడదీసింది. అంతకుముందు వందల ఏళ్లు రెండూ ఒకే ఆవరణలో ఉండేవి.

క్యోటోలోనే చూడండి. అక్కడి గియోన్ అనే పేట పేరే జేతవనం నుంచి వచ్చింది. అనాథపిండికుడు బుద్ధుడికి సమర్పించిన జేతవన విహారానికి చైనా భాషలో పెట్టిన పేరును జపాన్‌వాళ్లు గియోన్ అని పలికారు. ఆ విహారాన్ని కాచే దేవుడని గోజు తెన్నోను కొలిచిన చోటే నేటి యసక అనే షింటో మందిరం. ఆ పేరు కూడా 1868లో పెట్టిందే. కియోమిజు-దెరా ప్రధాన మందిరం వెనకే, అదే ఆవరణలో జిషు అనే షింటో మందిరం ఉంది. తోజి అనే బౌద్ధాలయం ఉపన్యాస మందిరంలో 21 విగ్రహాలుంటే వాటిలో హంసల మీద బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు కనిపిస్తారు. పేర్లు బొంతెన్, తైషకుతెన్ అయ్యాయి, వాహనాలు మాత్రం మనకు తెలిసినవే. ఇన్ని కలిసిన ఊళ్లో పుస్తకం కలిస్తే తప్పెలా అవుతుంది?

సిరా_తడి:
చరిత్ర మీరు చెప్పినట్టే ఉంది. కానీ కౌంటర్ దగ్గర నడిచేది ఆ ఆలయం నియమం. బౌద్ధంలోని నిచిరెన్ శాఖ సంగతి మరిచిపోయారు. వాళ్ల ఆలయాల్లో అసలు రాసిచ్చేది గోషుదాయి, అంటే సద్ధర్మపుండరీక సూత్రానికి నమస్కారం చెప్పే ఏడు అక్షరాలు. దానికి విడిగా పుస్తకం ఉంటుంది. ఇతర శాఖలతోనో షింటోతోనో కలిసిన పుస్తకం ఇస్తే చాలాచోట్ల "మ్యోహో" (సద్ధర్మం) అన్న రెండక్షరాలే రాస్తారు. కొన్నిచోట్ల అసలు రాయరు. క్యోటోలో మ్యోకెన్-జి లాంటి నిచిరెన్ ఆలయాలకు వెళ్లే ఉద్దేశం ఉంటే రెండో పుస్తకం కావాల్సిందే.

స్టేషన్‌కు దగ్గరని చాలామంది మొదట నిషి హోంగాన్-జికో హిగాషి హోంగాన్-జికో వెళ్తారు. అవి జోదో షిన్‌షు అనే మరో బౌద్ధ శాఖ ఆలయాలు. అక్కడ గోషుయిన్ ఇవ్వరు. మొక్కులతో పుణ్యం కూడబెట్టడం అన్న భావనే ఆ శాఖకు పడదు. దర్శనం గుర్తుకు స్టాంపు మాత్రం ఉంటుంది. దాన్ని విడి కాగితం మీద వేసుకోండి.

తూర్పు_గాలి:
జేతవనం గారూ, యసక ఉదాహరణ ఒప్పుకుంటాను. అయినా 1868 నుంచి ఇప్పటిదాకా తరాలు గడిచాయి. ఈరోజు అక్కడ కూర్చుని రాసే పూజారి ఏమనుకుంటారన్నదే నాకు ముఖ్యం. మనం బయటివాళ్లం కదా, వాళ్లకు అభ్యంతరమని అనుమానం ఉన్నా మానుకోవాలి.

జేతవనం:
అభ్యంతరం ఉండేది కొద్దిచోట్లే. కలిసిన పుస్తకంలో చాలా ఆలయాలు మారుమాట లేకుండా రాసిస్తాయి. వాళ్లు నిజంగా కాదనేది మామూలు నోటుపుస్తకాన్నీ, వినోదపు స్టాంపులు కొట్టిన పుస్తకాన్నీ. రైల్వే స్టేషన్ స్టాంపు పక్కన ఆలయ ముద్ర వేయమనడం, రెండు ఆలయాల ముద్రలు పక్కపక్కన ఉండటం కంటే ఎంతో పెద్ద తప్పు.

ఇంకో మాట. గోషుయిన్ మొదలైంది సూత్రాన్ని చేత్తో రాసి ఆలయానికి సమర్పించినందుకు ఇచ్చే రసీదుగా. అందుకే కొన్నిచోట్ల ఆ కౌంటర్‌ను ఇప్పటికీ నోక్యోషో, అంటే సూత్రం సమర్పించే చోటు, అంటారు. దర్శనం చేయకుండా నేరుగా లైన్లో నిలబడితే పుస్తకాలు రెండున్నా మర్యాద దక్కదు.

సిరా_తడి:
పుస్తకం ఒకటైనా రెండైనా, పాడయ్యేది ఈ కారణాల వల్ల:

సైజు. ఎక్కువగా దొరికేవి 16×11, 18×12 సెంటీమీటర్లవి. రద్దీ రోజుల్లో చేత్తో రాయకుండా ముందే రాసి ఉంచిన కాగితం ఇస్తారు. అది పెద్ద సైజుకు కోసినదైతే చిన్న పుస్తకంలో పట్టదు. కాబట్టి పెద్దదే కొనండి. ఆ కాగితాన్ని అంచుల వెంబడి పలచగా గ్లూ స్టిక్‌తో అంటించాలి. నీళ్ల జిగురు వాడితే పేజీ ముడతలు పడుతుంది.

సిరా. పేజీ పలచగా ఉంటే వెనక్కి దిగుతుంది. రెండు పొరల కాగితం ఉన్న పుస్తకం చూసి కొనండి. ఆలయం వాళ్లు మధ్యలో పెట్టే అద్దుడు కాగితాన్ని వెంటనే తీసేయొద్దు. ఎర్ర ముద్ర ఆరడానికి నల్ల సిరాకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఇచ్చే తీరు. రాయాల్సిన పేజీ తెరిచి, లోపలి విడి కాగితాలు తీసేసి, రాసేవారి వైపు తిప్పి ఇవ్వాలి. 100 యెన్ల నాణేలు దగ్గర ఉంచుకోండి, 10,000 నోటు చాపొద్దు. రాస్తున్నప్పుడు అడగకుండా ఫొటో తీయొద్దు.

వేళ. ఆలయం తెరిచే వేళా, రాసిచ్చే వేళా ఒకటి కావు. ఫుషిమి ఇనారి 24 గంటలూ తెరిచే ఉంటుంది, రాత్రి మాత్రం రాసేవారుండరు. అక్కడికి క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్లో రెండో స్టేషన్ ఇనారి. లోకల్ రైలే ఎక్కాలి, మియాకోజి ర్యాపిడ్ అక్కడ ఆగదు.

తూర్పు_గాలి:
రాసింది చదవడం గురించి కూడా చెప్పండి. అర్థం తెలియని ముద్రలు పోగేసి ఏం లాభం?

జేతవనం:
కుడివైపు పైన "హోహై" అని రెండక్షరాలుంటాయి, భక్తితో దర్శించుకున్నారని అర్థం. దాని పక్కనో కిందో తేదీ. నడుమ పెద్ద అక్షరాలు, ఎడమవైపు ఆలయం పేరు. కింకాకు-జిలో నడుమ "షారిదెన్" అని రాస్తారు. ఆ షారి మన "శరీర" పదమే, బుద్ధ ధాతువులను ఉంచిన మందిరమని అర్థం. కియోమిజు-దెరాలో "దైహికాకు" అంటే మహాకరుణ కొలువైన మేడ, అంటే అవలోకితేశ్వరుడిది. చాలా బౌద్ధాలయాల ఎర్ర ముద్రల్లో సిద్ధం అనే పాత భారతీయ లిపిలో బీజాక్షరం ఉంటుంది. షింటో మందిరాల ముద్రలు మామూలుగా పేరుకో చిహ్నానికో పరిమితం. మీ పుస్తకంలో చాలా పేజీల్లో అక్షరాలు చదవకుండానే ఈ తేడా పోల్చుకోవచ్చు.

తూర్పు_గాలి:
సరే. నిచిరెన్ ఆలయాలకు ఒకటి, మిగతా అన్నిటికీ కలిపి ఒకటి. అలా వాడేవాళ్లది తప్పు కాదని ఒప్పుకుంటాను. నేను మాత్రం షింటోకు విడిగానే పుస్తకం ఉంచుతాను, యసక పేజీ అందులోనే ఉంటుంది.