ప్రోస్టేట్ క్యాన్సర్: ఆపరేషనా, రేడియేషనా?

ప్రశ్న: నా వయసు 68. బయాప్సీలో గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే అంకె) 7 (3+4) వచ్చింది. జబ్బు గ్రంథి దాటలేదన్నారు. పక్షవాతంతో మంచాన ఉన్న నా భార్యను రోజుకు నాలుగైదుసార్లు నడుం కింద చేయి వేసి నేనే లేపాలి. మాది విశాఖలోని ఎంవీపీ కాలనీ, పిల్లలు దూరాన ఉన్నారు. ఏ చికిత్స మేలు?

జవాబు: అయ్యా, ఆపరేషన్ తరువాత మూత్రపు గొట్టం వారం, పది రోజులు ఉంటుంది, సుమారు 6 వారాలు బరువులెత్తకూడదు. నాకు ఆ ఆపరేషన్ అయ్యాక నేను ఆగలేక మా అమ్మగారిని ఎత్తి, మూత్రంలో రక్తం చూసి హడలిపోయాను.

మరో జవాబు: రేడియేషన్‌కు ఆ ఇబ్బంది తక్కువే కానీ, వారానికి 5 రోజుల చొప్పున 4 వారాలు అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికి వెళ్లి రావాలన్నా, ఆ పూట ఆవిడ దగ్గర ఎవరుంటారో ముందు తేల్చుకోవాలి. కొందరికి 5 విడతల్లోనే ముగిస్తారు. మీకు కుదురుతుందేమో అడగండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ముందు ఉదయం పూటకు ఆయాను మాట్లాడుకుంటాను.