"మౌఆవో" అన్న కొండ పేరును తెలుగులో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారమండీ. న్యూజిలాండ్‌లో టౌరంగా రేవు ముఖద్వారం దగ్గర 232 మీటర్ల కొండ ఒకటుంది. ఊళ్లో అందరూ మౌంట్ మౌంగనుయ్ అంటారు. అక్కడి మూలవాసులైన మావోరీలు పిలిచే పేరు మౌఆవో. దాని చుట్టూ సముద్రం అంచునే ఒక కాలిబాట ఉంది, మూడున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఒక డిసెంబరులో పొహుటుకవా చెట్లు ఎర్రగా పూసి ఉండగా నడిచాను. ఒక పక్క అలలు, ఇంకో పక్క వాలులో మెట్లుమెట్లుగా చదును చేసిన నేల. అవి మావోరీల పాత కోటల ఆనవాళ్లు. ఆ కోటను "పా" అంటారు. వాళ్లు తిని పడేసిన గుల్లల పోగులూ ఈ కొండ మీద మిగిలి ఉన్నాయి.

పేరు వెనక కథ ఇది. పేరే లేని ఒక కొండ పూఫెనువా అనే అందమైన కొండను ప్రేమించింది. ఆమె మనసేమో ఓటానెవైనుకు అనే ఇంకో కొండ మీద. ఇక బతకలేక, ఆ పేరులేని కొండ తనను సముద్రంలో ముంచేయమని పటుపయ్యారెహెలు అనే మాయమనుషులను అడిగింది. వాళ్లు రాత్రిపూట మాత్రమే తిరిగేవాళ్లు. తాళ్లు కట్టి, పాటలు పాడుతూ ఒడ్డుదాకా ఈడ్చారు. ఇంతలో తెల్లవారింది. వాళ్లు పారిపోయారు, కొండ అక్కడే ఉండిపోయింది. మౌ అంటే పట్టుబడటం, నిలిచిపోవడం. ఆవో అంటే పగటి వెలుగు.

మా తెలుగు బడి పిల్లలకు ఈ కథ రాస్తూ "తెల్లారిపోయినవాడు" అని పెట్టాను. ఏదో తేడాగా ఉంది. సలహా ఇవ్వరూ?

తెనాలి నుంచి ఒకరు:
తేడా ఉందమ్మా. "వాడి బతుకు తెల్లారింది" అంటే మనకు అంతా అయిపోయినట్టే. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా ఎదురు. చావబోయిన కొండను తెల్లవారడమే ఆపింది. ఆ క్రియ వాడితే కథ తిరగబడుతుంది. "పొద్దు పట్టినవాడు" అనండి. మన "పట్టు"లో చిక్కడమూ ఉంది, గట్టిగా నిలవడమూ ఉంది. "మౌ"కి అంత దగ్గరి మాట నాకు ఇంకోటి తోచలేదు.

తిరుపతి నుంచి ఒకరు:
మౌంగా అంటే కొండ, నుయ్ అంటే పెద్ద. మౌంట్ మౌంగనుయ్ అంటే "కొండ పెద్దకొండ" అన్నమాట. మేమూ "తిరుమల కొండ" అంటాం కదా, "మల" అంటేనే కొండ అయినా! ఇంకో సంగతి, "ఆవో"కి వెలుగుతో పాటు లోకం అనే అర్థమూ ఉంది. మనకు లోకం, ఆలోకం (వెలుగు) పక్కపక్కనే ఉన్నట్టు.

ఆక్లాండ్ నుంచి ఒకరు:
అక్కా, ఒక్క మనవి. "వాడు" వద్దు. టౌరంగా మావోరీలు తమను పరిచయం చేసుకునేటప్పుడు "కో మౌఆవో తే మౌంగా" అంటారు, అంటే మౌఆవో మా కొండ అని. మనవాళ్లు ప్రవర చెప్పినట్టే. తమ పేరుకన్నా ముందు కొండ పేరు చెప్పుకునే మనుషులకు ఆ కొండ ఇంటి పెద్ద. 2008లో దాని హక్కు అక్కడి మూడు తెగలకు తిరిగి వచ్చింది. "ఆయన" అనే రాయండి. పిల్లలు మొదట నేర్చుకోవలసింది ఆ మర్యాదే.

అడిగిన నేనే:
నిజమే తమ్ముడూ, నాకు తట్టలేదు. కథంతా "ఆయన" అని మార్చేశాను. కొండ పేరు మౌఆవో అనే ఉంచుతున్నాను. ఆఖరి వాక్యాలు ఇవి: "సముద్రం ఒడ్డున పొద్దు ఆయన్ని పట్టుకుంది. అప్పటిదాకా ఆయనకు పేరు లేదు. ఆ పట్టే ఆయన పేరైంది." "పట్టుకుంది"కి బదులు "ఒడిసిపట్టింది" అంటే బాగుంటుందా తెనాలి మాస్టారూ?